గడి చిరునామాలు – ఎఫ్4 మీట: ఒక విమర్శ

హాలియా పరిసరములలో ఒక రైతును “నీ పొలమెక్కడ?” అని అడిగినచో సమాధానము రెండు విధములుగా రావచ్చును. “ఈడి నుంచి తూము దాటినంక కుడిచేతి దిక్కు రెండో మడి” అనుట ఒక విధము. “ఫలానా సర్వే నంబరు” అనుట మరియొక విధము. మొదటి సమాధానము అడిగినవాడు నిలిచియున్న చోటును బట్టి మాత్రమే సరియైనది. అదే మాటను పట్టుకొని అతడు వేరొక తూము కడకు పోయినచో వేరొకరి పొలములో అడుగుపెట్టును. రెండవ సమాధానమును ఎక్కడ నిలిచి చదివినను అది చూపు పొలము మారదు.

కంప్యూటరుపై లెక్కలు వేయు స్ప్రెడ్‌షీటులో, అనగా గణన పట్టికలో, సరిగా ఈ రెండు విధముల చిరునామాలే ఉన్నవి. మొదటి దానిని సాపేక్ష చిరునామా యనియు, రెండవ దానిని నిరపేక్ష చిరునామా యనియు చెప్పవచ్చును. ఒకదాని నుండి మరియొకదానికి మార్చుటకు కీబోర్డుపై ఒకే మీట చాలును. అది పై వరుసలోని ఎఫ్4. కంప్యూటరు పాఠములు చెప్పు చోట్ల ఈ మీట పేరు తరచుగా వినబడును. షార్ట్‌కట్టుల జాబితాలో దానికి గౌరవస్థానము గలదు. అయితే ఆ గౌరవమునకు ఆ మీట ఎంతవరకు అర్హమైనది? అది విద్యార్థికి ఏమి ఇచ్చుచున్నది, ఏమి దాచుచున్నది? ఉపాధ్యాయులు విచారింపదగిన ప్రశ్న ఇది.

మీట చేయు పని

గణన పట్టికలో నిలువు వరుసలకు అక్షరములు, అడ్డు వరుసలకు అంకెలు గుర్తులు. రెండవ నిలువు వరుస, నాలుగవ అడ్డు వరుస కలిసిన గడి పేరు బి4. సి4 గడిలో “=బి4*బి1” అని వ్రాసినచో యంత్రము ఆ రెండు గడులలోని సంఖ్యలను గుణించి ఫలితమును చూపును. కాని యంత్రము ఆ సూత్రమును గ్రహించు తీరు వేరు. “నా ఎడమ ప్రక్క గడిని, ఆ నిలువు వరుసలోనే నాకు మూడు వరుసలు పైనున్న గడితో గుణింపుము” అని అది గ్రహించును. కనుక సూత్రమును క్రింది గడికి నకలు చేసినప్పుడు రెండు చిరునామాలును ఒక్కొక్క మెట్టు దిగును.

అట్లు దిగకుండ ఆపవలెనన్నచో చిరునామాలో డాలరు గుర్తును చేర్చవలెను. అక్షరమునకు ముందున్న డాలరు నిలువు వరుసను, అంకెకు ముందున్న డాలరు అడ్డు వరుసను కదలనీయవు. ఈ గుర్తునకు డబ్బుతో ఎట్టి సంబంధమును లేదు. నేలలో పాతిన హద్దురాయి వంటిదిగా దానిని భావింపవచ్చును. సూత్రము వ్రాయుచున్నప్పుడు చిరునామాపై కర్సరు నుంచి ఎఫ్4 నొక్కినచో బి1 అనునది $బి$1 అగును. మరల నొక్కిన బి$1, మూడవసారి $బి1, నాలుగవసారి మొదటి బి1. ఎక్సెల్‌లోను, గూగుల్ షీట్సులోను, ఉచితముగా లభించు లిబ్రే ఆఫీసులోను ఇదే మీట పనిచేయును. పాత ఓపెన్ ఆఫీసులో షిఫ్టుతో కలిపి నొక్కవలసి యుండెను. మాకింటోషు ఎక్సెల్‌లో కమాండ్ మీటతో టి అక్షరమును నొక్కినను చాలును. కొన్ని ల్యాప్‌టాపులలో పై వరుస మీటలు ధ్వనిని, వెలుతురును మార్చుటకు కేటాయింపబడి యున్నవి. అచ్చట ఎఫ్ఎన్ అను మీటను కూడ కలుపవలెను.

వడ్ల లెక్క

నాగార్జునసాగరు నిర్మాణమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడినది. ఎడమ కాలువ నీటితో నల్లగొండ జిల్లా మెట్టలలో వరి విస్తరించినది. నేడు హాలియాలోని విద్యార్థికి వడ్ల లెక్కకంటె దగ్గరి లెక్క మరియొకటి లేదు. కనుక ఉదాహరణమును దాని నుండియే తీసుకొనవచ్చును.

2025-26 ఖరీఫు మార్కెటింగు సీజనుకు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఒక విద్యార్థి ఆ ధరను బి1 గడిలో వ్రాసెననుకొనవచ్చును. బి2 ఖాళీ. బి3లో “క్వింటాళ్లు” అను శీర్షిక. బి4 నుండి నలుగురు రైతుల తూకములు: 40, 36, 45, 52. సి4లో “=బి4*బి1” అని వ్రాయగా 95,560 వచ్చినది. అది సరియైన మొత్తమే. విద్యార్థి సంతసించి ఆ సూత్రమును క్రిందికి లాగెను.

ఇప్పుడు జరుగునది శ్రద్ధగా చూడదగినది. రెండవ రైతు గడిలో సూత్రము “=బి5*బి2” అయినది. బి2 ఖాళీ గనుక మొత్తము సున్న. మూడవ రైతు గడిలో “=బి6*బి3”; బి3లో అంకె కాక మాట ఉన్నందున యంత్రము తప్పు సందేశము చూపినది. నాలుగవ రైతు గడిలో “=బి7*బి4”; అనగా నాలుగవ రైతు క్వింటాళ్లను మొదటి రైతు క్వింటాళ్లతో గుణించినది. ఫలితము 2,080.

ఈ మూడు తప్పులలో ఏది ఎక్కువ ప్రమాదకరము? తప్పు సందేశము ఎవ్వరి కంటనైనను పడును. సున్నను చూచి రైతే కేకవేయును. కాని 2,080 అనునది రూపాయల మొత్తము వలెనే కనబడును. అది క్వింటాలు ధరకు దగ్గరగా నుండుట వలన, పట్టికను పైపైన చూచువానికి అనుమానము కూడ కలుగకపోవచ్చును. ఆ రైతునకు రావలసినది 1,24,228 రూపాయలు. పట్టికలో నలుగురు కాక నాలుగు వందల మంది ఉన్నచో, మధ్యలో నున్న ఇట్టి గడిని ఎవరు పట్టుకొందురు? సి4లో మొదటనే బి1పై ఎఫ్4 నొక్కి “=బి4*$బి$1” అని వ్రాసియున్నచో నాలుగు మొత్తములును సరిగా వచ్చియుండును: 95,560; 86,004; 1,07,505; 1,24,228.

ఇందులోనే ఈ పద్ధతి యొక్క ప్రధాన లోపము గలదు. డాలరున్నను లేకున్నను మొదటి గడిలో ఫలితమొక్కటియే. విద్యార్థి సూత్రము వ్రాసినది, సరిచూచుకొన్నది ఆ మొదటి గడిలోనే. సూత్రము సరియైనదని తెర అచ్చట సాక్ష్యము చెప్పును. తప్పు మాత్రము అతడు చూడని చోట పుట్టును.

ఎక్కముల పట్టిక

ఎఫ్4 రెండవసారి, మూడవసారి నొక్కినప్పుడు వచ్చు సగము డాలరు రూపములను జాబితాలు పేరు చెప్పి వదలివేయును. నిజమునకు వాటిలోనే గణితపు సారమున్నది. పై అడ్డు వరుసలో బి1 నుండి కె1 వరకు 1 మొదలు 10 వరకు, ఎడమ నిలువు వరుసలో ఎ2 నుండి ఎ21 వరకు 1 మొదలు 20 వరకు సంఖ్యలు వ్రాసి ఎక్కముల పట్టిక తయారుచేయవలెననుకొనవచ్చును. బి2 నుండి కె21 వరకు 200 గడులను ఎన్నుకొని “=$ఎ2*బి$1” అని ఒకసారి వ్రాసి కంట్రోల్, ఎంటర్ మీటలను కలిపి నొక్కినచో 200 గడులును ఒక్కసారిగా నిండును. ఎడమ సంఖ్య కొరకు నిలువు వరుస కదలరాదు, అడ్డు వరుస కదలవలెను. పై సంఖ్య కొరకు అడ్డు వరుస కదలరాదు, నిలువు వరుస కదలవలెను. ఈ రెండు వాక్యములను నోటితో చెప్పగల విద్యార్థికి మీట అవసరము చేతివేగమునకు మాత్రమే.

రెండు గుర్తులును పూర్తిగా పెట్టి “=$ఎ$2*$బి$1” అని వ్రాసినచో 200 గడులలోను ఒకటియే వచ్చును. అసలు డాలరు లేకుండ “=ఎ2*బి1” అని వ్రాసినచో మరియొక వింత జరుగును. మొదటి వరుసలో 1, 2 సరిగా వచ్చి, మూడవ గడిలో 3కు బదులు 6, తరువాత 24, 120 వచ్చి, పదవ గడిలో 36,28,800 వచ్చును. ప్రతి గడియు తన ఎడమ గడిలోని ఫలితమును పై సంఖ్యతో గుణించుటచే ఎక్కము పోయి క్రమగుణితములు, అనగా ఫాక్టోరియల్ సంఖ్యలు, పుట్టినవి. రెండవ ఎక్కములో రెండురెండ్లు నాలుగు మాత్రము సరిగానే వచ్చును, అది కాకతాళీయము. తరగతిలో ఈ తప్పును కావలెనని చేయించి, ఈ సంఖ్యలెట్లు వచ్చినవో చెప్పుమని అడిగినచో ఒక గంట పాఠము సార్థకమగును. ఎఫ్4ను మూడుసార్లు నొక్కుమని చెప్పి పోయినచో ఆ గంట వ్యర్థము.

ప్రశ్న పోయి మీట మిగిలినది

ఈ మీట పుట్టుక కొంత తెలిసికొన్నచో లోపము యొక్క మూలము తెలియును. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను ఇరువురు ఆపిల్ 2 కంప్యూటరు కొరకు విసికాల్క్ అను గణన పట్టికను వెలువరించిరి. అందులో డాలరు గుర్తు లేదు. సూత్రమును నకలు చేయబోవునప్పుడు యంత్రము ప్రతి చిరునామాను ఎత్తి చూపి, దీనిని మార్పు లేకుండ ఉంచవలెనా, చోటును బట్టి మార్చవలెనా యని అడిగెడిది. మనుష్యుడు ఒక్కొక్కదానికి ఒక్కొక్క అక్షరముతో సమాధానము చెప్పవలసి యుండెను. పని విసుగు పుట్టించునదే. పైగా చెప్పిన సమాధానము ఎచ్చటను నిలువదు; మరల నకలు చేసినప్పుడు మరల చెప్పవలెను.

1983లో వచ్చిన లోటస్ 1-2-3లో సమాధానము సూత్రములోనే డాలరు రూపమున నిలిచినది. ఎఫ్4 మీట ఆ గుర్తును పెట్టు మీట అయినది. 1985లో మాకింటోషునకు, 1987లో విండోసునకు వచ్చిన ఎక్సెల్ లోటస్‌ను వెనుకకు నెట్టినను, ఈ గుర్తు, ఈ మీట మాత్రము నేటికిని నిలిచినవి. వ్రాసినవాడు లేనప్పుడు కూడ సూత్రమును చదివి అతని ఉద్దేశ్యమును తెలిసికొనవచ్చును. ఇది గొప్ప మేలు; దానిని కాదనుట అన్యాయము.

అయితే ఆ మేలుతో పాటు ఒకటి పోయినది. విసికాల్క్ అడిగెడి ప్రశ్నను తరువాతి యంత్రములు అడుగుట మానినవి. “ఇది కదలవలెనా, నిలువవలెనా?” అని ఇప్పుడు ఎవ్వరును అడుగరు. ప్రశ్న అడుగనివాడు మీట నొక్కడు; నొక్కకున్నను యంత్రము మాటాడదు. యంత్రము వదలివేసిన ఆ ప్రశ్నను అడుగవలసిన భారము ఉపాధ్యాయునిపై పడినది. షార్ట్‌కట్టుల జాబితాను కంఠస్థము చేయించు బోధన ఆ భారమును మోయుట లేదు.

మీట రూపములో మరి రెండు చిన్న లోపములున్నవి. సూత్రము వ్రాయని సమయమున ఎక్సెల్‌లో ఎఫ్4 నొక్కినచో అది డాలరు పెట్టదు. అంతకు ముందు చేసిన పనిని, రంగు వేయుట వంటి దానిని, మరల చేయును. ఒకే మీటకు రెండర్థములుండుట క్రొత్తవారిని తికమక పెట్టును. మరియు నాలుగు రూపములు చక్రము వలె తిరుగుటచే, ఒకసారి ఎక్కువ నొక్కినవాడు కావలసిన రూపమును దాటిపోవును. కన్ను సూత్రముపై నుండవలెను గాని మీటపై నుండరాదు.

వ్రాయు మీటలు, చూపు మీటలు

సూత్రములకు సంబంధించిన మీటలను రెండు తెగలుగా విభజించినచో జాబితాల పక్షపాతము బయటపడును. ఒక తెగ వ్రాయుటకు, నింపుటకు పనికివచ్చునది: ఎఫ్4, పై గడిని క్రిందికి నింపు కంట్రోల్-డి, ఎడమ గడిని కుడికి నింపు కంట్రోల్-ఆర్, ఎన్నుకొన్న గడులన్నిటిని నింపు కంట్రోల్-ఎంటర్. ఇవి వేగమునిచ్చును. తప్పును కూడ అదే వేగముతో నాలుగు వందల గడులకు పంచిపెట్టును.

రెండవ తెగ చూపుటకు పనికివచ్చునది. ఎఫ్2 నొక్కినచో గడిలోని సూత్రము తెరచుకొని, అది ఏ యే గడులను చూచుచున్నదో ఆ గడుల చుట్టును రంగుగీతలు కనబడును. కంట్రోల్ మీటతో ఎడమ చదరపు బ్రాకెట్టును నొక్కినచో ఆ సూత్రమునకు ఆధారమైన గడుల కడకు పోవచ్చును. కుడి బ్రాకెట్టుతో నొక్కినచో దానిపై ఆధారపడిన గడులు తెలియును. కంట్రోల్‌తో పాటు ఒకటి అంకెకు ఎడమనున్న మీటను నొక్కినచో పట్టిక అంతటను ఫలితములకు బదులు సూత్రములే కనబడును. హాలియా విద్యార్థి ఆ మీట నొక్కియున్నచో బి1, బి2, బి3, బి4 అను మెట్లు వరుసగా దిగుట కంటికి కట్టియుండును.

చూపు తెగలోను దోషము లేకపోలేదు. సూత్రములో కొంత భాగమును ఎన్నుకొని ఎఫ్9 నొక్కినచో ఆ భాగము విలువ కనబడును. మంచి సౌకర్యమే. కాని తరువాత ఎస్కేప్ నొక్కక ఎంటర్ నొక్కినచో చిరునామా పోయి అంకె అచ్చటనే గడ్డకట్టును. ధర మారినప్పుడు ఆ గడి మారదు. పరీక్షించు పరికరము పరీక్షింపబడు వస్తువును పాడుచేయుట ప్రయోగశాలలో ఒప్పుకొనదగినది కాదు. దీనిని నేర్పునప్పుడు ఎస్కేప్‌ను కలిపియే నేర్పవలెను.

ఒక ప్రసిద్ధ ఉదంతము

చూపు మీటలు చిన్నపిల్లల లెక్కలకే గాని పెద్దలకు అవసరము లేదని భావింపరాదు. 2010లో అమెరికాలోని ఆచార్యులు కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ దేశముల అప్పులకు, ఆర్థికవృద్ధికి గల సంబంధముపై ఒక వ్యాసము ప్రకటించిరి. స్థూల ఉత్పత్తిలో 90 శాతమునకు మించి అప్పున్న దేశముల సగటు వృద్ధి మైనస్ 0.1 శాతమని వారి లెక్క. ప్రభుత్వ వ్యయమును తగ్గింపవలెనను వాదమునకు ఆ వ్యాసమును పలుదేశముల రాజకీయ నాయకులు ఆధారముగా చూపిరి. 2013లో మసాచుసెట్సు విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, తన అధ్యాపకులు మైకేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి ఆ పట్టికను పరిశీలించెను. సగటు సూత్రము ఎల్30 నుండి ఎల్49 వరకు పోవలసియుండగా ఎల్44 కడనే నిలిచిపోయినది. ఇరువది దేశములలో ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్కు అను ఐదు విడిచిపెట్టబడినవి.

ఈ ఒక్క తప్పు వలన కలిగిన తేడా సుమారు 0.3 శాతము మాత్రమే. కొన్ని సంవత్సరముల సమాచారమును చేర్చకుండుట, సగటులకు బరువులిచ్చిన పద్ధతి అను తక్కిన అభ్యంతరములను కూడ లెక్కించి, పరిశీలకులు సగటును 2.2 శాతముగా తేల్చిరి. గడి తప్పును మూల రచయితలును అంగీకరించిరి. తక్కిన అభ్యంతరములపై వాదము సాగినది. ఇచ్చట గమనింపవలసినది వేరు. ఆ సూత్రమునకు ఎఫ్4తో డాలర్లు పెట్టియున్నను లాభము లేదు. తప్పు చిరునామా మరింత గట్టిగా పాతుకొని యుండును. ఎఫ్2 నొక్కి రంగుగీత ఎచ్చట ఆగినదో చూచియున్నచో ఐదు దేశములు గీతకు వెలుపల కనబడియుండును. వ్రాయు మీట చేయలేని పనిని చూపు మీట చేయగలదనుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము అక్కరలేదు.

మరియొక లిపి, మరియొక పేరు

డాలరు పద్ధతి ఒక్కటియే మార్గము కాదు. ఎక్సెల్‌లోనే ఆర్1సి1 అను మరియొక వ్రాత గలదు. ఐచ్ఛికములలో దానిని ఎన్నుకొనవచ్చును. 1982 నాటి మల్టీప్లాన్ నుండి అది వచ్చుచున్నది. అందులో వడ్ల సూత్రము “=ఆర్‌సి[-1]*ఆర్1సి2” అగును; అనగా “నా ఎడమ గడి, మొదటి అడ్డు వరుస రెండవ నిలువు వరుస గడి” అని అర్థము. యంత్రము గ్రహించునదే తెరపై కనబడును. నలుగురు రైతుల గడులలోను సూత్రము అక్షరము తప్పక ఒకే విధముగా నుండును. వేరుగా నున్న గడి వెంటనే పట్టుబడును. చదువుటకు మోటుగా నున్నను, సాపేక్షత అను భావమును బోధించుటకు దీనికంటె మంచి సాధనము లేదు.

గడికి పేరు పెట్టుట ఇంకొక మార్గము. బి1కు “రేటు” అని పేరు పెట్టినచో సూత్రము “=బి4*రేటు” అగును. పేరున్న గడి నకలులో కదలదు. చదువువానికి అర్థమును తెలియును. పెట్టిన పేర్ల జాబితాను ఎఫ్3 మీట చూపును. చాల జాబితాలలో ఎఫ్4 ప్రక్కనే యున్న ఈ మీటకు చోటు దొరకకుండుట విచారకరము.

ఇక తీర్పు. ఎఫ్4 మంచి పరికరము; ఆలోచించినవాని చేతిలో అది కాలమును మిగుల్చును. ఆలోచన నేర్పుట దాని పని కాదు. కనుక తరగతిలో వరుస మారవలెను. మొదట కాగితముపై గడులు గీచి, సూత్రమును క్రిందికి దింపినచో ఏది కదలవలెనో, ఏది నిలువవలెనో విద్యార్థి చేత చెప్పించవలెను. తరువాత డాలరును చేతితో వ్రాయించవలెను. ఆ తరువాతనే ఎఫ్4 చూపవలెను. నకలు చేసిన ప్రతి పట్టికలోను చివరి గడిపై ఎఫ్2 నొక్కించి, ఒక మొత్తమును కాగితముపై గుణింపజేసి సరిచూపించవలెను. పరీక్షలో “నిరపేక్ష చిరునామాకు మీట ఏది?” అని అడుగుటకు బదులు, “నాలుగవ రైతునకు 2,080 ఏల వచ్చినది?” అని అడుగవలెను. మొదటి ప్రశ్నకు జాబితా చదివినవాడు జవాబు చెప్పగలడు. రెండవ దానికి జవాబు చెప్పగలిగినవాని చేతికి రైతుల లెక్కను నిర్భయముగా అప్పగింపవచ్చును.